డక్స్‌ఫర్డ్ వైమానిక ప్రదర్శనలు

డక్స్‌ఫర్డ్ వైమానిక ప్రదర్శనలు ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీలో, కేంబ్రిడ్జి నగరానికి దక్షిణాన ఉన్న డక్స్‌ఫర్డ్ విమానక్షేత్రంలో జరిగే విమాన ప్రదర్శనలు. ఈ క్షేత్రం ఇంపీరియల్ వార్ మ్యూజియం యొక్క శాఖలలో ఒకటి. నేటి యుద్ధ విమానాలతో పాటు రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాలు కూడా ఇక్కడ ఎగరడం ఈ ప్రదర్శనల ప్రత్యేకత.

చరిత్ర

ఈ స్థావరం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏర్పడినది. రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్లకు అందిన స్పిట్‌ఫైర్ విమానాలలో మొట్టమొదటిది 1938 ఆగష్టు 4న ఇక్కడి 19వ స్క్వాడ్రన్‌కు చేరినది. 1940లో జరిగిన బ్రిటన్ యుద్ధంలో డగ్లస్ బేడర్ నాయకత్వాన పలు స్క్వాడ్రన్లు "బిగ్ వింగ్" అనే పెద్ద దళంగా ఇక్కడి నుండి పోరాడాయి. 1943 నుండి అమెరికా 78వ ఫైటర్ గ్రూపునకు ఇది స్థావరమైనది. 1961లో సైనిక కార్యకలాపాలు ముగిశాయి. 1970వ దశకంలో ఇది మ్యూజియంగా రూపొందినది. ఎం11 రహదారి కోసం రన్‌వేను కుదించడానికి ముందే, 1977లో ఒక కాంకార్డ్ విమానం ఇక్కడ దిగి శాశ్వతంగా ఉండిపోయినది.

ప్రదర్శన దినం

ఉదయం సందర్శకులు హ్యాంగర్లను, వరుసగా నిలిపిన విమానాలను దగ్గరగా చూస్తారు. మధ్యాహ్నం విన్యాసాలు జరుగుతాయి. ప్రేక్షకులు రన్‌వేకు ఉత్తరాన నిలిచి దక్షిణ దిశగా చూడవలసి ఉండుట వలన, ఎండ ఉన్న రోజున ఫోటోలు వెలుతురుకు ఎదురుగా తీయవలసి వస్తుంది.

టైఫూన్ వంటి నేటి జెట్ విమానాలు వేరే స్థావరం నుండి వచ్చి, ఇక్కడ దిగకుండానే విన్యాసాలు చేసి వెళ్తాయి. పాత విమానాలు మాత్రం ప్రేక్షకుల ఎదుటనే ఇంజను ప్రారంభించి బయలుదేరుతాయి. స్పిట్‌ఫైర్ నేలపై ఎక్కువసేపు ఉంటే ఇంజను వేడెక్కుతుంది, కనుక త్వరగా గాలిలోకి లేవాలి. దాని పొడవైన ముక్కు పైలట్‌కు ముందుచూపును అడ్డగిస్తుంది. అందువలన నేలపై నడిపేటపుడు పైలట్ విమానాన్ని అటూ ఇటూ తిప్పుతూ దారి చూసుకుంటాడు.

1993 నుండి 2019 వరకు ఇక్కడ జరిగిన "ఫ్లయింగ్ లెజెండ్స్" ప్రదర్శన చివరలో పాత విమానాలన్నీ ఒకే దళంగా ఎగిరేవి. ఇటలీ వైమానికుడు ఇటాలో బాల్బో పేరున దీనిని "బాల్బో" అంటారు.

ఎన్3200

ఈ స్పిట్‌ఫైర్ 19వ స్క్వాడ్రన్‌కు చెందినది. 1940 మే 26న డన్‌కిర్క్ తరలింపు సమయంలో ఫ్రాన్సు తీరాన ఇసుకలో దిగవలసి వచ్చినది. 1986లో వెలికితీసి, పునరుద్ధరించిన పిదప 2014లో తిరిగి ఎగిరినది. 2015లో దీనిని మ్యూజియమునకు బహూకరించారు.

ప్రమాదాలు

1996లో ఫ్లయింగ్ లెజెండ్స్‌లో ఒక పి-38 లైట్నింగ్ కూలి పైలట్ మరణించాడు. 2003లో ఫెయిరీ ఫైర్‌ఫ్లై కూలి ఇద్దరు మరణించారు. 2011 జూలై 10న మస్టాంగ్, స్కైరైడర్ విమానాలు గాలిలో ఢీకొన్నాయి. మస్టాంగ్ పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు, స్కైరైడర్ రెక్క కొంత విరిగినా క్షేమంగా దిగినది.

2015 ఆగష్టు 22న దక్షిణ ఇంగ్లండులోని షోర్‌హామ్ ప్రదర్శనలో హాకర్ హంటర్ జెట్ విమానం సమీప రహదారిపై కూలి 11 మంది మరణించారు. మృతులంతా ప్రదర్శన ఆవరణ వెలుపల ఉన్నవారే. దీని తరువాత పాత జెట్ విమానాలు నేలపై చేసే విన్యాసాలపై బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ఆంక్షలు విధించి, నిబంధనలను కఠినం చేసినది.

ఎగరవలెనా, భద్రపరచవలెనా

పాత విమానాలను ఎగురవేయడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ప్రమాదంలో నశించిన విమానం తిరిగి రాదని, ఎగిరేందుకు మరమ్మతు చేసినపుడు అసలు లోహం స్థానంలో కొత్త భాగాలు చేరుతాయని ఒక వాదన. ఇంజను ధ్వని, గాలిలో విమానం కదలిక, వాటిని నడిపే, బాగుచేసే నైపుణ్యం హ్యాంగరులో నిలిపి ఉంచితే నిలువవని మరొక వాదన. డక్స్‌ఫర్డ్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి: కాంకార్డ్ కదలక నిలిచినది, ఎన్3200 తిరిగి గాలిలోకి లేచినది.

ఇవి కూడా చూడండి

స్పిట్‌ఫైర్
బ్రిటన్ యుద్ధం
కాంకార్డ్