కాలి నరాలు, లిగమెంట్ల గాయాలు: తీర గ్రామాలలో తొలి గంటల గుర్తింపే కీలకం

నెల్లూరు జిల్లా తీరంలోని కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలలో చేపల వేట, రొయ్యల సాగు, వరి సేద్యం ప్రధాన జీవనాధారాలు. తడిసిన పడవపై కాలు జారడం, ఇసుకలో వల లాగుతుండగా మోకాలు మెలిపడటం, రొయ్యల చెరువు గట్టు మీద నుండి పడిపోవడం ఈ వృత్తులలో ఎదురయ్యే ప్రమాదాలు. ప్రతి దెబ్బనూ బెణుకుగానే భావించి మర్దన చేయించడం, బిగుతుగా కట్టు కట్టించడం వలన అసలు గాయం మరుగున పడే అవకాశం ఉంది.

లిగమెంటు గాయం

ఎముకను ఎముకతో కలిపి ఉంచే బలమైన పట్టీ లిగమెంటు. మోకాలు మెలిపడినపుడు 'టప్' మని శబ్దం రావడం, కొద్ది గంటలలోనే వాపు రావడం, అడుగు వేస్తే మోకాలు నిలవక జారిపోవడం లిగమెంటు తెగినదనడానికి సూచనలు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. కనుక ఎముక విరగలేదని తేలినంత మాత్రాన గాయం లేదని నిర్ధారించరాదు. చీలమండకు దెబ్బ తగిలిన వ్యక్తి నాలుగు అడుగులైనా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించవలసి ఉంటుంది.

నరం గాయం

మోకాలి వెలుపలి వైపున, చర్మం క్రిందనే పెరోనియల్ నరం ఎముకను చుట్టి వెళుతుంది. దెబ్బ తగలడం, బిగుతు కట్టు, గంటల తరబడి గొంతుకూర్చుని పనిచేయడం వలన ఈ నరం దెబ్బతినవచ్చును. అపుడు పాదం, బొటనవేలు పైకి లేవవు. పాదం పైభాగాన తిమ్మిరి ఏర్పడుతుంది. నడకలో వేళ్లు నేలకు రాసుకుంటాయి, చెప్పు తెలియకుండా జారిపోతుంది. టిబియల్ నరం దెబ్బతింటే అరికాలిలో స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేకున్నా పాదం కదలకపోతే నరాన్ని అనుమానించవలెను.

ఏ దెబ్బా లేకుండానే పాదం జారిపోతూ, చర్మంపై స్పర్శ లేని మచ్చలు ఉన్నట్లయితే కుష్ఠు పరీక్ష అవసరం. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన స్థాయిని దేశం 2005 చివరలో సాధించినప్పటికీ కొత్త కేసులు నేటికీ నమోదవుతున్నాయి. దీనికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచిత చికిత్స లభిస్తుంది.

అత్యవసర పరిస్థితి

మోకాలి కీలు తప్పి, తిరిగి దానంతట అదే సర్దుకున్నపుడు పైకి సాధారణ వాపుగానే కనిపించవచ్చును. కానీ మోకాలి వెనుక రక్తనాళం తెగి ఉండవచ్చును. పాదం చల్లబడినా, పాలిపోయినా ఆలస్యం చేయరాదు. రక్తప్రసరణ సుమారు 6 గంటలలోగా పునరుద్ధరించకపోతే కాలునే కోల్పోయే ప్రమాదం ఉంది. సముద్రంలో గాయపడిన వారి విషయంలో పడవ ఒడ్డు చేరేందుకు పట్టిన సమయం కూడా ఈ గంటలలోనే కలుస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

కాలిని కదలకుండా ఆసరాతో ఉంచి, 108 వాహనంలో ఎముకల వైద్యులు ఉన్న ఆసుపత్రికి తరలించాలి. కట్టు వేయడానికి ముందు, వేసిన తరువాత మూడు అంశాలు పరిశీలించాలి: పాదం పైకి లేస్తున్నదా, స్పర్శ తెలుస్తున్నదా, పాదం వెచ్చగా ఉన్నదా. గాయమైన వేళతో సహా ఈ వివరాలను కాగితంపై వ్రాసి రోగితో పంపినట్లయితే, మార్పు ఎప్పుడు వచ్చినదో వైద్యులకు తెలుస్తుంది.

తెగిన నరం కుట్టిన తరువాత రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది. అది కండరాన్ని చేరేందుకు నెలలు పడుతుంది. ఈలోగా కండరం క్షీణిస్తూ ఉంటుంది. తొలి రోజున గుర్తించని గాయం వేటకు వెళ్లే వ్యక్తి జీవనోపాధినే దెబ్బతీయగలదు.