వార్తకు పూచీ ఎవరు?

పత్రిక ఎక్కడ అచ్చయిందో, ఎవరు అచ్చువేశారో, ఎవరు ప్రచురించారో అందులోనే పేర్లతో సహా ప్రకటించాలని 1867లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది. సంపాదకుడి పేరు కూడా ఆ తర్వాత తప్పనిసరైంది. ఎదురు రాసినవాణ్ని పట్టుకోవడానికి ఒక చిరునామా ఉండాలన్నదే పాలకుల ఉద్దేశం. కానీ ఆ చిన్న అక్షరాల ప్రకటన పాఠకుడికీ ఒక హక్కు ఇచ్చింది. ఈ మాటకు పూచీ ఎవరిదని అడిగితే జవాబు చెప్పేవాడు ఒకడుండేవాడు. తెలుగు పత్రికల గత నూటపాతికేళ్ల చరిత్రను నేను ఈ పూచీతోనే కొలుస్తాను.

తొలితరం ఆ పూచీకి పెద్ద మూల్యమే చెల్లించింది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైంది. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకులు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. అమృతాంజనం మీద వచ్చిన ఆదాయం ఆ పత్రికకు అండగా నిలిచింది. అదే 1908లో ‘స్వరాజ్య’లో పరప్రభుత్వాన్ని తూర్పారబట్టినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుపాలయ్యారు. నిజాం ఏలుబడిలో 1926 నుంచి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను నిలబెట్టారు. హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలని రాసిన ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చేయి నరికి చంపారు.

స్వాతంత్ర్యం వచ్చాక పత్రికకు పెట్టుబడి కావలసి వచ్చింది. అయినా ఆంధ్రప్రభలోనూ, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతిలోనూ నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాలు మామూలు మనిషి మాటలో సాగాయి. 1975లో అత్యవసర పరిస్థితి పెట్టి ప్రభుత్వం పత్రికల నోరు నొక్కింది. అంతకు ఏడాది ముందు విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు, తర్వాతి కాలంలో జిల్లాకో అనుబంధం తెచ్చింది. ఊరి బోరు చెడిపోయినా, బడికి పంతులు రాకపోయినా అది వార్తే అయింది.

ఆ మార్పు బలం నెల్లూరు జిల్లాలో కనిపించింది. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి అక్షరాస్యత ఉద్యమం పుస్తకంలో పాఠమైంది. రాత్రిబడిలో అది చదివిన పక్క ఊళ్ల ఆడవాళ్లు మనమెందుకు చేయలేమని కదిలారు. 1992లో సారా వేలంపాటలకు అడ్డంపడ్డారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. జిల్లా అనుబంధం ఏ ఊళ్లో ఏం జరిగిందో రోజూ అచ్చువేస్తుంటే పోరాటం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వార్తలు రాసిన విలేకరులు ఆ ఊళ్లకు వెళ్లారు, ఆ ఆడవాళ్లతో మాట్లాడారు. అబద్ధం రాస్తే మర్నాడే ఊళ్లో నిలదీసేవాళ్లు.

పూచీకి గండి పడింది కూడా పత్రికల్లోనే. మండలం నుంచి వార్త పంపే కంట్రిబ్యూటర్‌కు చేతికొచ్చేది అరకొర డబ్బు. పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. 2009 ఎన్నికల్లో అభ్యర్థులు డబ్బిచ్చి రాయించుకున్న పొగడ్తలు వార్తలుగా అచ్చయ్యాయి. దీనిపై పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాస్‌రెడ్డి తయారుచేసిన నివేదికను ప్రెస్ కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో అది జనానికి అందింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ తర్వాత పుట్టుకొచ్చిన చానళ్లలో చాలావాటికి ప్రజల కన్నా రేటింగే ముఖ్యమైంది.

2016 తర్వాత డేటా చవకై ఫోనే పత్రిక అయింది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ ఎక్కడివో వీడియోలు తెలంగాణ పల్లెల్లోని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. కొత్త ముఖం కనబడితే కొట్టేదాకా వచ్చింది. కొన్నిచోట్ల ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును పంపారు. వాళ్లు డప్పు చాటింపు వేయించి, జానపద పాటలు పాడించి, అది అబద్ధమని ఇంటింటికీ చెప్పారు. ఆమె పరిధిలో ఒక్క ప్రాణమూ పోలేదు. ఫోన్‌లో వచ్చిన పుకారుకు ఊరూ పేరూ లేదు. దాన్ని ఆపింది ఊళ్లోకి వచ్చి నిలబడి మాట్లాడిన మనిషి.

అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు నిజానిజాలు తేల్చే పని నెత్తికెత్తుకున్నాయి. తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చేందుకు కేంద్రం తెచ్చిన నిబంధనను 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అది సరైన తీర్పు. ప్రభుత్వం తనపై వచ్చిన వార్తకు తానే న్యాయమూర్తి అయితే ప్రశ్నించేవాడు మిగలడు.

ప్రజాప్రయోజనానికి హామీ అచ్చు యంత్రం ఇవ్వలేదు, ఫోన్ కూడా ఇవ్వదు. జరిగిన చోటుకు వెళ్లి, అడిగి, పేరు పెట్టి రాసే విలేకరి ఇస్తాడు. అతనికి గౌరవంగా బతికే జీతం ఇవ్వడం యాజమాన్యాల బాధ్యత. అలాంటి వార్తకు చందా కట్టడం మన బాధ్యత. ఇక ముందు ఏ వార్త వచ్చినా, పదిమందికి పంపే ముందు ఒక్కమాట అడగండి: ఇది ఎవరు రాశారు, ఎక్కడి నుంచి రాశారు? జవాబు లేని వార్తను మీ ఫోన్‌లోనే ఆపేయండి.