శుక్రవారం ఒడ్డు, ఆదివారం ఒడ్డు

1948 దాకా గోదావరికి ఈ ఒడ్డున శుక్రవారం సెలవు, ఆ ఒడ్డున ఆదివారం సెలవు. ఈ ఒడ్డంటే బూర్గంపాడు, పాల్వంచ. నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లా. ఆ ఒడ్డు భద్రాచలం. ఇంగ్లీషు వాళ్ళ మద్రాసు రాజధానిలోని గోదావరి ఏజెన్సీ. అటూ ఇటూ మాట్లాడేది అదే తెలుగు, అదే కోయ. మొక్కేది ఒకే రాముడికి. సర్కారు కచేరీలకు మాత్రం ఒక్కో ఒడ్డున ఒక్కో రోజు తాళం పడేది.

ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. మా తాత బూర్గంపాడు కచేరీలో జవాను. గురువారం పొద్దుగూకేలోపు కాగితం గోదారి దాటకపోతే శనివారం ఒక్కరోజే ఆశ, అదీ తప్పితే ఇక సోమవారమేనని మా నాయనమ్మ చెప్పేది. శుక్రవారం ఇక్కడ పంపేవాళ్ళు లేరు, ఆదివారం అక్కడ పుచ్చుకునేవాళ్ళు లేరు. వారంలో రెండు కచేరీలూ కలిసి తెరిచి ఉండేవి అయిదు రోజులే.

ఇప్పుడు నేను జీతం తీసుకునేది సరిగ్గా ఈ లెక్కకే. టైం ఆఫీసులో మస్టర్లు చేత్తో రాసే కాలంలో పనిలో చేరాను. ఇప్పుడు ఇక్కడి ఒక కాంట్రాక్టు సంస్థకు కంప్యూటర్లో పని క్యాలెండర్లు పెడుతున్నాను. ఆఫీసు తొమ్మిది నుంచి అయిదు దాకా, మధ్యలో గంట భోజనం. ఫిర్యాదు వస్తే ఎనిమిది పని గంటల్లో తేల్చాలని ఒప్పందం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చిన ఫిర్యాదుకు ఆ రోజు ఒక గంట పోతుంది, శని ఆదివారాలు లెక్కలోకి రావు, సోమవారం ఏడు గంటలు. అంటే సోమవారం సాయంత్రం అయిదింటికి గడువు. ఆ సోమవారం బోనాల సెలవైతే గడువు మంగళవారానికి జరుగుతుంది. అదే ఫిర్యాదు ఏటపాక ఆఫీసుకు వస్తే సోమవారమే. ఏటపాక ఎక్కడో లేదు, భద్రాచలం పక్కనే ఉంది. కానీ అది ఆంధ్రప్రదేశ్.

గీత మొదట ఎలా పడిందో చూడాలంటే 1860కి వెళ్ళాలి. ఆ ఏడు నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషు వాళ్ళకు వదులుకున్నాడు. మొదట వాటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉంచారు, 1874లో మద్రాసు రాజధానికి మార్చారు. అప్పటినుంచి నది మీద పడవ ఎక్కిన మనిషి దిగేసరికి వారపు సెలవే కాదు, నాణెం మారేది, నెల పేరు మారేది. ఈ ఒడ్డున హాలీ సిక్కా, ఆజూరు, దై, బహ్మన్, ఇస్ఫందార్ నెలలు. ఆ ఒడ్డున ఇంగ్లీషు రూపాయి, జనవరి, ఫిబ్రవరి.

ఫసలీ సంవత్సరం సంగతి ఇంకా చిత్రం. పంటకూ శిస్తుకూ లెక్క కట్టే ఈ సంవత్సరం రెండు ఒడ్లకూ ఉంది, అంకె కూడా అదే; 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కానీ మద్రాసు వాళ్ళకు అది జులై 1న మొదలయ్యేది, నిజాం సర్కారుకు అక్టోబరు మొదటి వారంలో ఆజూరు నెలతో. జులై నుంచి సెప్టెంబరు దాకా భద్రాచలంలో కొత్త ఫసలీ, బూర్గంపాడులో పాత ఫసలీ. రెండు ఒడ్లలోనూ పొలం ఉన్న రైతు ఒకే వానాకాలం పంటకు రెండు అంకెలతో రెండు రసీదులు దాచుకోవాల్సి వచ్చేది. భూమి తగాదాలకు పాత పహాణీలు తిరగేసేవాళ్ళు ఈ మూడు నెలల తేడాను గుర్తుంచుకోవాలి. ఆంధ్ర వైపు జమాబందీకి నేటికీ ఫసలీ అంకే వేస్తున్నారు.

1948 పోలీసు చర్య తరవాత హైదరాబాదు రాష్ట్రంలో వారపు సెలవు ఆదివారానికి మారింది, ఆజూరు, దై నెలలు సర్కారు కాగితాల నుంచి తప్పుకున్నాయి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తెచ్చి అందులో కలిపారు. 1965లో వంతెన వచ్చింది. ఒకే రాష్ట్రమైన 1956 నుంచి 2014 దాకా దాదాపు యాభై ఎనిమిదేళ్ళు రెండు ఒడ్లకూ సెలవుల జాబితా ఒకటే.

అయితే రోజును గంటలుగా కోసింది కచేరీ కాదు, గని. ఇల్లెందు దగ్గర సింగరేణిలో 1871లో విలియం కింగ్ బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. లండన్ పెట్టుబడితో నడిచిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ అయింది. అడవిలో పొద్దును బట్టి లేచి పడుకునే మనుషులకు సైరన్, షిఫ్టు, మస్టర్ అక్కడినుంచి వచ్చాయి. గని మాట మా ఇళ్ళలోకి ఎంతగా వచ్చిందంటే, కొత్తగూడెంలో వారపు సెలవును ఇప్పటికీ ప్లేడే అంటారు.

1952 గనుల చట్టం ఈ లెక్కలన్నిటినీ రాతలో పెట్టింది. వారంలో ఆరు రోజులకు మించి పని చేయించకూడదంది. భూమి లోపల రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. నాకు ఆ చట్టంలో అన్నిటికంటే విలువైనది రాత్రి షిఫ్టు గురించిన నిబంధన. షిఫ్టు అర్ధరాత్రి దాటితే, దాటిన తరవాత చేసిన గంటలు ముందు రోజు ఖాతాలోకే వెళ్తాయి. ఆ షిఫ్టు చేసినవాడి వారపు విశ్రాంతి కూడా అర్ధరాత్రి నుంచి కాదు, షిఫ్టు ముగిసిన నిమిషం నుంచి ఇరవై నాలుగు గంటలు. గనిలోంచి తెల్లారి పైకొచ్చే మనిషికి రోజు ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాళ్ళు రాసిన వాక్యం అది.

సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి చెప్పకపోతే తెలియదు. దాని దృష్టిలో పన్నెండు కొట్టగానే తేదీతో పాటు రోజూ మారిపోతుంది. శనివారం రాత్రి పదకొండింటికి పనిలోకి దిగి ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చిన మనిషికి అది శనివారం ఒక గంట, ప్లేడే నాడు ఏడు గంటలు రాస్తుంది. విశ్రాంతి ఆదివారం అర్ధరాత్రికే అయిపోయిందంటుంది, అంటే అతనికి దక్కేది పదిహేడు గంటలు. అందుకే రాత్రి షిఫ్టు ఉన్నచోట నేను పెట్టే మొదటి మార్పు రోజు హద్దు. తేదీ ఏదైనా, షిఫ్టు మొదలైన రోజే దాని రోజు. ఈ ఒక్క గడి సరిగా నింపితే ఒక మనిషికి ఏడు గంటల నిద్ర మిగులుతుంది. ఈ పనిని నేను గుమాస్తాగిరీ అనుకోను.

2014లో గీత మళ్ళీ పడింది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా. బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్ళు. భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగతాది. ఈసారి గీత నది మీద లేదు, ఊరి చివర ఉంది. రాముడి గుడి తెలంగాణలో, గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో. బతుకమ్మ మొదటి రోజు ఇక్కడ సెలవు, అక్కడ కాదు. ఏటపాకలో కాపురముండి తెలంగాణలోని సారపాకలో పనిచేసే డ్రైవరుకు పిల్లల సంక్రాంతి సెలవులు ఒక జాబితా ప్రకారం, తన సెలవులు మరో జాబితా ప్రకారం. మా క్యాలెండరులో మనిషి ఇంటిని కాక పనిచేసే చోటును బట్టి జాబితా తగిలిస్తాం. చట్టం ప్రకారం అది సరే. కుటుంబానికి మాత్రం అది చాలదు.

శ్రీరామనవమి మాత్రం ఏ జాబితాలోనూ గొడవ పెట్టదు. ఆ మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం. మర్నాడు సెలవు లేకపోయినా జనం తిరుగు ప్రయాణంలో ఉంటారు, వంతెన మీద లారీ కదలదు. ఆ రోజు మాల్ పంపే విభాగానికి పని గంటలు తగ్గించి పెడతాను.

వీటన్నిటికీ ఒక గడి ఉంది. గడి లేనివాళ్ళ గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తునికాకు కాలం వేసవిలో వస్తుంది. తెల్లవారకముందే అడవికి వెళ్ళి ఆకు కోసి, ఎండ ముదిరేసరికి ఇంటికొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రానికి కల్లం చేర్చాలి. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి రాసుకుంటాడు. వారపు సెలవు లేదు, ఎనిమిది గంటల హద్దు లేదు. మొదటి గట్టి వాన పడిన రోజే సీజను ముగింపు. 1971 చట్టంతో ఈ వ్యాపారం సర్కారు చేతిలోకి వచ్చింది. కట్ట ధర ఏటేటా ప్రకటిస్తారు గానీ, కోసే మనిషికి ఎప్పుడు విశ్రాంతి అన్నది మాత్రం ఆకు ముదిరే వేగానికే వదిలేశారు.

కోయల పండగలకూ అంతే. విత్తనాల పండగ విజ్జ పండుం, తొలకరికి భూమి పండగ, పంట చేతికొచ్చాక కొత్తల పండగ. కొత్తల పండగ చెయ్యనిదే కొత్త గింజ నోట పెట్టరు. ఏ రోజు చెయ్యాలో ఊరి పెద్దలు, పూజారి కూర్చుని తేలుస్తారు. ఈ ఊరికి ఒక రోజైతే పక్క ఊరికి మరో రోజు. పంచాంగంలో దొరకదు. ఏటా వచ్చే సర్కారు సెలవుల ఉత్తర్వులోనూ ఉండదు.

చేతిరాత మస్టర్ల కాలంలో నేను చూసినవి గుర్తున్నాయి. భూమి పండగ పడే జూన్ పేజీలో ఒకే ఊరి మనుషుల పేర్ల ఎదురుగా వరసగా గైర్హాజరు గీతలు. చివరి గడిలో సూపర్‌వైజరు ఎర్ర సిరాతో 'చెప్పకుండా మానారు' అని రాసేవాడు. వాళ్ళు చెప్పకుండా మానలేదు. చెప్పిన మాటను రాసుకోవడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. జీతం కోత పడేది, మరుసటి ఏడు మళ్ళీ అదే జరిగేది.

ఇప్పుడు చోటు చేశాను. సెలవు గడిలో తేదీ ముందే వేయాలని సాఫ్ట్‌వేర్ పట్టుబడుతుంది. కాబట్టి ప్రతి ఊరికీ వేరే క్యాలెండరు తెరిచి, తేదీ తేలని పండగలను ఏడాది చివరి తేదీకి తాత్కాలికంగా కట్టి ఉంచుతాను. ఊరి నుంచి కబురు రాగానే అసలు తేదీకి జరుపుతాను. నెలవంకను బట్టి రంజాన్ సెలవు ముందురోజు రాత్రి మారినప్పుడు చేసేదీ ఇదే పని. చంద్రుడి కోసం కదిలే గడి, భూమి పండగ కోసం కదలడానికి అడ్డేమీ లేదు.

సర్కారు కూడా ఇది చెయ్యగలదు. మేడారం జాతరకు ములుగులో స్థానిక సెలవు ఇస్తూనే ఉన్నారు. భద్రాచలంలో ఒక గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), చింతూరులో ఒక ఐటీడీఏ ఉన్నాయి. ఊరి పెద్దల మాటను కలెక్టరు దాకా చేర్చడం వాటికి కష్టం కాదు. ముందుగా బడులతో మొదలుపెట్టాలని నా కోరిక. చాలా ఊళ్ళలో భూమి పండగ జూన్‌లో పడుతుంది. బడులు తెరిచి, హాజరు పట్టీలో కొత్త పేర్లు ఎక్కే రోజులు కూడా అవే.