జగిత్యాల, సిరిసిల్ల మ్యాప్ మీ ఎక్సెల్ షీట్‌లోనే.. లెక్క అందని మండలం ‘సున్నా’ కాకుండా చూసుకోండి!

మండలాలవారీగా మంచినీటి ఫిర్యాదుల లెక్క ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. ఒక వరుసలో పేర్లు, పక్కన అంకెలు. కోరుట్ల, మెట్‌పల్లి పక్కపక్కనే ఉన్నాయని, రెండింటిలోనూ ఒకే సమస్య ఉందని ఆ జాబితా చెప్పదు. అదే మ్యాప్‌పై రంగులుగా వేస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సరిహద్దుల ఫైల్ ఒకటి, యాభై అరవై లైన్ల పైథాన్ స్క్రిప్ట్ ఒకటి ఉంటే చాలు.

ఎక్సెల్‌లో మ్యాప్ చార్ట్ ఉంది కదా అంటారా? అది పేరును బట్టి ఇంటర్నెట్‌లో ఊరిని వెతుక్కుంటుంది. దేశాలు, రాష్ట్రాలకు ఫర్వాలేదు. మన మండలాల విషయంలో దాన్ని నమ్ముకోలేం.

ఏ ఫైల్ కావాలి?

సరిహద్దుల డేటా సాధారణంగా షేప్‌ఫైల్ లేదా జియోజేసన్ రూపంలో దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్, తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లలో ముందుగా వెతకండి. షేప్‌ఫైల్ పేరుకే ఒకటి. నిజానికి ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ అనే మూడు ఫైళ్లు కలిసి ఉండాలి. వాట్సాప్‌లో ఒక్కటే పంపితే అవతలివాళ్లకు పనికిరాదు.

ఫైల్ ఏ సంవత్సరానిదో తప్పనిసరిగా చూడండి. 2016 అక్టోబర్ 11కు ముందు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలే లేవు. అంతా కరీంనగర్. ఆ రోజు జిల్లాలతో పాటు బుగ్గారం, బీర్‌పూర్, తంగళ్లపల్లి, వీర్నపల్లి, రుద్రంగి వంటి కొత్త మండలాలూ వచ్చాయి. 2022లో జగిత్యాల జిల్లాలో ఎండపల్లి, భీమారం చేరాయి. 2011 జనాభా లెక్కల నాటి మ్యాప్‌లో వీటిలో ఏదీ మండలంగా కనిపించదు.

స్క్రిప్ట్ ఏం చేస్తుంది?

షీట్‌లోని గడులన్నింటినీ చిన్న చతురస్రాలుగా మార్చి, ఒక్కో గడికి ఒక చదరపు కిలోమీటరు అప్పగిస్తుంది. జగిత్యాల జిల్లా వైశాల్యం సుమారు 2,419 చదరపు కిలోమీటర్లు, రాజన్న సిరిసిల్లది సుమారు 2,019. అంటే రెండింటికీ కలిపి నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు గడులు. ప్రతి గడి మధ్య బిందువు ఏ మండలంలో పడుతుందో స్క్రిప్ట్ తేలుస్తుంది. ఇందుకు పాత చిట్కా ఒకటుంది. ఆ బిందువు నుంచి తూర్పుకు గీత గీస్తే అది సరిహద్దును ఎన్నిసార్లు దాటుతుందో లెక్కపెడతారు. బేసి సంఖ్య వస్తే లోపల, సరి సంఖ్య వస్తే బయట.

తర్వాత ఆ గడిలో ఒక ఫార్ములా రాస్తుంది: ‘ఈ మండలం కోడ్‌కు రెండో షీట్‌లో ఉన్న అంకె తీసుకురా’. నంబర్ ఫార్మాట్‌లో మూడు సెమికోలన్లు పెడితే అంకె కనబడదు, రంగు మాత్రమే మిగులుతుంది. రంగులు కండిషనల్ ఫార్మాటింగ్ చూసుకుంటుంది. వచ్చే నెల కొత్త లెక్కలు అతికిస్తే మ్యాప్ దానంతట అదే మారుతుంది. ఇందులో మాక్రోలు లేవు కాబట్టి ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది.

పొరపాట్లు మొదట్లోనే జరుగుతాయి. జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం వస్తాయి. నేను మొదటిసారి వీటిని తారుమారు చేశాను. అలా చేస్తే 18.8, 78.9 దగ్గరుండే జగిత్యాల ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల వైపు వెళ్లిపోతుంది! అంకెలు లక్షల్లో ఉంటే అవి డిగ్రీలు కావు, మీటర్లు. ముందు వాటిని డిగ్రీల్లోకి మార్చాలి. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం ఒక డిగ్రీ అక్షాంశం కంటే దాదాపు ఐదు శాతం పొట్టి. ఈ తేడా పట్టించుకోకపోతే జిల్లా కాస్త అడ్డంగా సాగినట్టు కనిపిస్తుంది. అన్నట్టు, మొదటి వరుస ఉత్తరం వైపుది కావాలి. లేదంటే మ్యాప్ తలకిందులే.

అసలు ప్రమాదం ఎక్కడ?

పైవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించనిది ఒకటుంది. కోరుట్లను ఒక ఫైల్‌లో ఇంగ్లిష్‌లో ‘కోరట్ల’ అని రాస్తారు. జగిత్యాలకు మూడు నాలుగు స్పెల్లింగులు. పైగా జగిత్యాల అంటే జిల్లానా, మండలమా, మున్సిపాలిటీయా? పక్కన జగిత్యాల రూరల్ మండలం వేరే. సిరిసిల్లదీ ఇదే తంటా. పేరు కలవకపోతే ఫార్ములా ఎర్రర్ చూపిస్తుంది. షీట్ అందంగా ఉండాలని చాలామంది ఆ ఎర్రర్ స్థానంలో సున్నా పెట్టేస్తారు. అంతే.. ఆ మండలం లేత రంగులో, ‘ఇక్కడ ఫిర్యాదులే లేవు’ అన్నట్టు కనిపిస్తుంది. కోడ్ కలిసినా లెక్క గడి ఖాళీగా ఉంటే ఎక్సెల్ సున్నానే తెస్తుంది. ట్యాంకర్ ఎటు పంపాలో ఆ మ్యాప్ చూసి నిర్ణయిస్తే, లెక్క అందని మండలానికే నీళ్లు అందవు.

అందుకే పేర్లతో కాకుండా కోడ్‌లతో కలపండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లా, మండలం, గ్రామం, మున్సిపాలిటీలకు వేర్వేరు కోడ్‌లు ఉన్నాయి. లెక్క లేనిచోట ‘తెలియదు’ అనే మాట వచ్చేలా ఫార్ములా రాసి, దానికి బూడిద రంగు కేటాయించండి. చివరగా మండలాల మొత్తం, మీకు ఇచ్చిన జిల్లా మొత్తంతో సరిపోయిందో లేదో చూడండి. తేడా వస్తే ఎక్కడో ఒక మండలం జారిపోయినట్టే.

ఇంకో మాట. పట్టణం ఉన్న మండలంలో జనం ఎక్కువ కాబట్టి ఫిర్యాదులూ ఎక్కువే ఉంటాయి. ఉత్త సంఖ్యకు బదులు వెయ్యి ఇళ్లకు ఎన్ని అన్నది రంగుగా వేయడం న్యాయం.

లెక్కలు పీడీఎఫ్‌లో ఇచ్చారా? సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె) ప్రకారం, కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు మీకుంది. దరఖాస్తులోనే ‘ఎక్సెల్ ఫైల్‌గా, మండలం కోడ్‌లతో సహా ఇవ్వగలరు’ అని రాయండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. మ్యాప్ నలుగురికీ పంపే ముందు సరిహద్దుల ఫైల్ ఏ సంవత్సరానిదో, లెక్కలు ఏ నెలవో షీట్ మూలన రాసి పెట్టండి.