కట్టెల పొయ్యి: మంట అదుపు

ఇంటి పొయ్యి అవసరానికి మించి మండినప్పుడు దాన్ని తగ్గించే పద్ధతి ఇది. ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, ఒడియా కుటుంబాలు కట్టెల పొయ్యిని ఇంకా పూర్తిగా వదల్లేదు. 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం గ్యాసు కనెక్షన్ ఇచ్చినా, సిలిండర్ ఖర్చుకు వెనకాడేవారికి పుల్లలే ఆధారం. తీరప్రాంతంలో దొరికే సరుగుడు కట్టె వేడి ఎక్కువిస్తుంది. ఎండు పుల్లలు ఒక్కసారిగా ఎగదోసినా, గాలి నేరుగా కొట్టినా మంట పొయ్యి నోరు దాటుతుంది. పూరింట్లో అది కప్పుదాకా పోగలదు.

చాలామంది వెంటనే చెంబెడు నీళ్లు కుమ్మరిస్తారు. అది సరికాదు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాపించి వేడి బూడిదను ముఖంమీదికి ఎగజిమ్ముతుంది, కాలిన మట్టి బీటలిస్తుంది. పక్కన బాణలిలో మరిగే నూనెలో పడితే మంట భగ్గుమంటుంది. మంటకు మేత కట్టె, గాలి. కాబట్టి ముందు బాణలి దించి, కాలని కొస పట్టుకుని కట్టెలను ఒక్కొక్కటిగా వెనక్కి లాగాలి, నిప్పులపై బూడిద కప్పాలి. కొరివి బయటికి లాగడం ప్రమాదమే కదా అనవచ్చు. పటకారుతో పట్టి ఇసుకలో గుచ్చితే ఆ భయం తీరుతుంది, నీళ్లు చల్లాల్సింది అక్కడే. తలుపులు మూసి మంటకు ఊపిరాడనివ్వకపోవడం మేలనుకుంటే, మూసిన గదిలో పేరుకునే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణం తీస్తుంది. కప్పు అంటుకుంటే మాత్రం ఇల్లు వదిలి 101కి ఫోన్ చేయాలి.