దీక్ష యాప్: చరిత్ర

దీక్ష బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రాలు ఉమ్మడిగా వాడుకునే డిజిటల్ వేదిక, దాని మొబైల్ యాప్. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. ఇంగ్లీషు పొడి అక్షరాలతో కూర్చిన పేరే అయినా, తెలుగువారి చెవికి అచ్చంగా మన మాటలాగే వినిపిస్తుంది. మొదట్లో దీన్ని ఉపాధ్యాయుల శిక్షణ కోసమే తలపెట్టారు. పిల్లల పాఠాలు తర్వాత వచ్చి చేరాయి.

అనేక సంస్థలకు ఒకే యాప్ అన్న ఆలోచన అప్పటికే ఉంది. 2002లో ఆస్ట్రేలియాలో మొదలైన మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌కు ఒకే మొబైల్ యాప్ ఉంది. మూడుల్ వాడే ఏ కళాశాల విద్యార్థి అయినా తన సంస్థ చిరునామా ఇచ్చి అందులోంచి లోపలికి వెళ్లవచ్చు. దీక్ష దారి వేరు. నందన్ నీలేకని, రోహిణీ నీలేకని, శంకర్ మారువాడ స్థాపించిన ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తయారుచేసిన సన్‌బర్డ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దీనికి పునాది. చట్రం అందరిదీ, పాఠం ఎవరిది వారిదే. యాప్ తెరవగానే ముందు భాష, తర్వాత బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకోవాలి. తెలంగాణ బోర్డు ఎంచుకుంటే తెలంగాణ పాఠాలే కనిపిస్తాయి.

అసలు మలుపు పాఠ్యపుస్తకంతో వచ్చింది. పుస్తకంలో పాఠం దగ్గర క్యూఆర్ కోడ్, దాని కింద ఆరు అక్షరాల సంకేతం అచ్చువేశారు. కెమెరా సరిగా పనిచేయని ఫోన్‌లో ఆ ఆరు అక్షరాలూ టైపు చేస్తే చాలు, పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోనైతే అక్కకూ తమ్ముడికీ వేర్వేరు ఖాతాలు పెట్టుకునే వీలూ కల్పించారు. రాతపూర్వకమైన లక్ష్యాలకన్నా ఇలాంటి చిన్న ఏర్పాట్ల వల్లే యాప్ ఎక్కువగా ఇళ్లలోకి వెళ్లిందని చెప్పవచ్చు.

బహుభాషల అవసరం హైదరాబాద్ పాతబస్తీలో స్పష్టంగా కనిపిస్తుంది. చార్మినార్‌కు దక్షిణాన శాలిబండలో 1904లో కట్టిన గడియార స్తంభం మీద రోమన్, అరబిక్, తెలుగు, హిందీ అంకెలున్నాయి. ఆ పరిసరాల పిల్లల్లో ఉర్దూ మాధ్యమం వారూ, తెలుగు మాధ్యమం వారూ, ఇంగ్లీషు మాధ్యమం వారూ ఉన్నారు. ఒకే తరగతికి మాధ్యమం మార్చి చూపించే యాప్ ఇలాంటిచోట సౌకర్యం కాదు, అవసరం.

దీక్ష వచ్చేనాటికే తెలంగాణకు పాఠాల ప్రసారానికి సొంత సరంజామా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసిన మన టీవీకి కొనసాగింపుగా 2017లో టీ-శాట్ విద్య, నిపుణ ఛానెళ్లు మొదలయ్యాయి. టీ-శాట్‌కూ యాప్ వచ్చింది. కొవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1న, డిజిటల్ తరగతులు ప్రారంభమైనప్పుడు రాష్ట్రం ప్రధానంగా దూరదర్శన్ యాదగిరినీ టీ-శాట్‌నూ నమ్ముకుంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లోనూ టీవీ ఉంటుందన్నది దీని వెనకున్న లెక్క.

ఆ ఏడాది మే నెలలో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-విద్య, దీక్షను దేశమంతటికీ ఒకే డిజిటల్ వేదికగా గుర్తించింది. ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం నిష్ఠ అంతకుముందు ఎదురెదురుగా కూర్చుని జరిగేది. దాని తొలి ఆన్‌లైన్ విడత 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతో మొదలైంది. తర్వాత ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు దీక్షలోనే కోర్సులు నడిచాయి.

వేదిక ఒక్కటే కావడంలో ప్రమాదమూ ఉంది. దీక్ష సమాచారం ఉన్న ఒక క్లౌడ్ సర్వర్ రక్షణ లేకుండా తెరిచి ఉందని, లక్షల మంది ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరాలు బయటివారికి అందుబాటులో ఉన్నాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక వెల్లడించింది.