పల్లవి

పల్లవం అంటే సంస్కృతంలో చిగురు. పల్లవి దాని చుట్టమే. పాటలో ముందు మొలిచేది, ప్రతి చరణం తర్వాతా మళ్లీ తొడిగేది అదే కదా! చరణం అంటే పాదం. చిగురుతో మొదలై పాదాలతో నడుస్తుంది మన పాట. విద్వాంసులు పదం, లయ, విన్యాసం అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిపి పల్లవి అయిందని చెబుతారు. గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది గాని, నాకు చిగురే ఇష్టం.

గిటార్ వాయించేవాళ్లు రిఫ్ అని పిలిచే, పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుస కూడా దీనికి దగ్గరిదే. పల్లవిని ఇంగ్లిషులో రిఫ్రెయిన్ అంటారు, రిఫ్ అందులోంచి తెగిన ముక్కేనని కొందరి ఊహ. 1965లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ నిద్రలోంచి లేచి ఒక చిన్న స్వరవరుసను టేపురికార్డరులో పెట్టి మళ్లీ పడుకున్నాడు. 'శాటిస్‌ఫాక్షన్' పాట అక్కణ్నుంచి పుట్టింది. చిగురు అంతే ఉంటుంది.

దాన్ని పెంచే విద్య త్యాగరాజ కృతుల్లో చూడాలి. పల్లవి మొదటి వరుసనే తిప్పి తిప్పి పాడుతూ, ప్రతిసారీ రవ్వంత మార్చుతూ పైకి తీసుకెళ్తారు. వాటినే సంగతులంటాం. కొత్త రిఫ్ కోసం తడుముకునే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే: నాలుగు స్వరాలు దొరికితే ఐదోదాని కోసం వెతకొద్దు, ఆ నాలుగింటికే సంగతులు వేయండి.

రోజువారీ మాటల్లోనూ పల్లవి ఉంది. నిన్నటిదాకా ఒకటి చెప్పి ఇవాళ ఇంకోటి చెప్పేవాణ్ని చూసి "కొత్త పల్లవి అందుకున్నాడు" అంటాం.